అడ్వాన్సు 54,000, కోతలు 61,100: ఒక అద్దె ఇంటి లెక్క తేలిన తీరు

రెండు పడకగదుల ఫ్లాటు అది. ఓనరు, అద్దెకున్నవాళ్లు ఇరువైపులా మంచివాళ్లే. ఓనరుకు పాతికేళ్ల ఉద్యోగపు పొదుపు ఆ ఫ్లాటు. అద్దెకున్న దంపతులు ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. అయినా ఖాళీ చేసిన వారానికి మాటలు నిలిచిపోయి వ్యవహారం నోటీసుల దాకా వచ్చింది. ఆ దంపతులకు సలహా ఇచ్చింది మేమే. గుర్తుపట్టే వివరాలు మార్చి, లెక్క నడిచిన తీరును మాత్రం ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాం. అద్దెదారు హక్కులు, బాధ్యతలు దాదాపు అన్నీ ఈ ఒక్క కేసులోనే ఎదురవుతాయి.

ఇల్లు హైదరాబాద్‌లో. 2022 జూన్‌లో 11 నెలల అగ్రిమెంటు మీద దిగారు. అద్దె 18,000, అడ్వాన్సు మూడు నెలలది, అంటే 54,000. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వేరుగా అద్దెదారే కట్టాలి. 2023 ఏప్రిల్‌తో అగ్రిమెంటు ముగిసింది. కొత్తది రాసుకోలేదు. మే నుంచి 5 శాతం పెంచి 18,900 ఇవ్వాలని నోటిమాటగా అనుకున్నారు, ఇచ్చారు. 2024 జూన్ 10న "నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం" అని వాట్సాప్ పెట్టి, 30న తాళాలు ఇచ్చేశారు.

ఓనరు పంపిన లెక్క ఇదీ: ఇల్లంతా రంగులకు 22,000; పడకగదిలో చెమ్మ పట్టిన గోడకు 9,500; గీజరు, వంటగది కుళాయికి 4,300; నోటీసు ఇవ్వనందుకు ఒక నెల అద్దె 18,900; 2023 నవంబరులో తక్కువ కట్టిన అద్దె 6,400. మొత్తం 61,100. అడ్వాన్సు పోగా ఇంకా 7,100 మీరే ఇవ్వాలి అని కింద రాశారు.

ఇలాంటి కాగితం చేతికి రాగానే అద్దెదారులు చేసే పని, మొత్తాన్ని కలిపి "అన్యాయం" అనడం. అలా అంటే ఓనరు కూడా మొత్తాన్ని కలిపి "న్యాయమే" అంటారు. పద్దు వెంట పద్దు విడదీసి, ప్రతి దానికీ మూడు ప్రశ్నలు వేయాలి. ఈ బాధ్యత ఎవరిదని అగ్రిమెంటు చెబుతోంది? అగ్రిమెంటు మౌనంగా ఉంటే చట్టం ఏం చెబుతోంది? దానికి కాగితం ఎవరి దగ్గర ఉంది?

ముందు ఏ చట్టం

తెలంగాణలో అద్దె నియంత్రణకు 1960 నాటి చట్టం ఉంది. కానీ మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లు దాని పరిధిలోకి రావు. కాబట్టి నగరంలో ఈరోజు అద్దెకు దొరికే దాదాపు ప్రతి ఇంటికీ వర్తించేవి రెండే: మీ అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఆ చట్టంలో 105 నుంచి 117 వరకు సెక్షన్లు అద్దె, లీజుల గురించే. అద్దెదారు చదవాల్సింది ముఖ్యంగా 106, 108, 116.

2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం గురించి చాలామంది అడుగుతారు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని, ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు తెలపాలని అందులో ఉంది. అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్న చోటే దానికి బలం. దాన్ని చూపించి ఈ ఓనరును "మూడు నెలల అడ్వాన్సు ఎలా తీసుకున్నారు" అని నిలదీయలేం. అయితే ఏ మరమ్మతు ఎవరిది అన్న దాని రెండో షెడ్యూలు మాత్రం మాటల దగ్గర బాగా పనికొస్తుంది. గోడలకు సున్నం, తలుపులు కిటికీల రంగు, పైపులు, వైరింగు ఓనరువి. స్విచ్చులు, సాకెట్లు, వంటగది ఫిట్టింగులు, కిటికీ అద్దాలు, తాళాలు, డ్రెయిను శుభ్రం అద్దెదారువి. ప్రభుత్వమే సబబు అనుకున్న విభజన కాబట్టి దాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం.

ముగిసిపోయిన అగ్రిమెంటు

11 నెలలే ఎందుకంటే, ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆస్తి బదిలీ చట్టం 107 అదే చెబుతుంది. ఇందులో అద్దెదారులు గమనించని ప్రమాదం ఒకటుంది. "రెండేళ్లు కదలించం" అని ఓనరు ఇచ్చిన హామీతో రెండేళ్ల అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద రాసుకుని రిజిస్టరు చేయించకపోతే, ఆ రెండేళ్ల హామీని కోర్టులో రుజువు చేసుకోవడం కుదరదు. రిజిస్ట్రేషన్ చట్టం 49 అడ్డొస్తుంది. ఇంట్లో ఉండి అద్దె కడుతున్నారు కాబట్టి నెలనెలా అద్దెదారుగా మాత్రం మిగులుతారు. స్టాంపు డ్యూటీ తక్కువ పడినా చిక్కే. లోటు, జరిమానా కట్టే దాకా ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు.

ఈ కేసులో 11 నెలలు ముగిశాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ వచ్చారు. దాంతో సెక్షన్ 116 ప్రకారం అద్దె నెలనెలా కొనసాగినట్టే. నివాసపు ఇంటికి వేరే ఒప్పందం లేకపోతే 106 ప్రకారం 15 రోజుల లిఖిత నోటీసు చాలు, అదీ అందిన రోజు నుంచి లెక్క. పాత అగ్రిమెంటులో మాత్రం "ఒక నెల నోటీసు, లేదా ఒక నెల అద్దె" అని ఉంది. గడువు తీరిన అగ్రిమెంటులోని నోటీసు షరతు ఇంకా బతికుందా అన్నది రెండు వైపులా వాదించదగినదే. 15 రోజులే చాలని పట్టుబట్టమని మేం సలహా ఇవ్వలేదు. పాత షరతులన్నీ కొనసాగాయని మరమ్మతుల దగ్గర మనమే చెప్పుకోబోతున్నప్పుడు, నోటీసు దగ్గర మాత్రం కొనసాగలేదంటే నమ్మకం పోతుంది.

కాబట్టి నెల నోటీసునే ఒప్పుకుని లెక్క వేశాం. జూన్ 10న తెలిపారు, 30న వెళ్లారు. తగ్గింది 10 రోజులు. వాట్సాప్ నోటీసు చెల్లదని ఓనరు అన్నారు. సెక్షన్ 106 సంతకంతో కూడిన లిఖిత నోటీసు అడుగుతుంది, నిజమే. కానీ ఆ సందేశానికి అదే సాయంత్రం "సరే అండీ, తాళాలు ఎప్పుడు ఇస్తారు?" అని ఆయన జవాబిచ్చారు. తర్వాత తాళాలు తీసుకున్నారు. ఇద్దరూ ఒప్పుకుని ముగించుకున్న అద్దె అది. ఆ జవాబు లేకపోయి ఉంటే అద్దెదారు ఇరుకున పడేవారు. నోటీసును ఒక పేజీ కాగితం మీద రాసి, సంతకం చేసి, స్పీడ్ పోస్టులో పంపి, అదే ఫొటో వాట్సాప్‌లో పెడితే ఈ చర్చే రాదు.

ఇక ఒక నెల అద్దె మొత్తం కోయవచ్చా? కాంట్రాక్టు చట్టం 74 ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి. దానిలోపల సబబైన పరిహారమే ఇప్పిస్తారు. జులై 6న ఆ ఫ్లాటులోకి కొత్తవాళ్లు దిగారు. అంటే ఓనరుకు ఇల్లు ఖాళీగా ఉన్నది 5 రోజులు. రోజుకు 630 చొప్పున 3,150.

రంగులు

కోతల్లో పెద్ద పద్దు ఇదే, తగాదాల్లో ఎక్కువ కూడా ఇక్కడే. సెక్షన్ 108(ఎం) చెప్పేది ఇదీ: దిగినప్పుడు ఉన్న స్థితిలోనే అద్దెదారు ఇల్లు అప్పగించాలి, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల మాత్రం మినహాయింపు. 25 నెలలు కాపురం ఉన్న ఇంట్లో రంగు కాస్త వెలిసిపోవడం, స్విచ్చుల చుట్టూ చేతి మరకలు, మంచం తగిలిన చోట గీత, ఇవన్నీ అరుగుదలే. వాటికి డబ్బు రాదు.

అగ్రిమెంటులోనే "ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె మినహాయిస్తాం" అని ఉంటే సంగతి వేరు. అలాంటి వాక్యం మన ఊళ్ల అగ్రిమెంట్లలో మామూలే. సంతకం పెట్టాక దాని నుంచి బయటపడటం కష్టం. బేరం ఆడాల్సింది దిగేముందే: రెండేళ్లు దాటి ఉంటే కోయకూడదని, లేదా అసలు బిల్లు చూపించాలని రాయించుకోవచ్చు. ఈ అగ్రిమెంటులో ఆ వాక్యం లేదు. "తీసుకున్న స్థితిలో అప్పగించాలి" అని మాత్రమే ఉంది.

అయితే అద్దెదారు తప్పు కూడా కొంత ఉంది. పిల్లల గదిలో ఒక గోడ నిండా క్రేయాన్ గీతలు. హాల్లో టీవీ కోసం, షెల్ఫుల కోసం వేసిన డ్రిల్లు రంధ్రాలు. ఇవి అరుగుదల కిందికి రావు. ఒక్క గోడకు రంగు వేస్తే తక్కిన వాటితో కలవదు కాబట్టి ఆ గదంతా వేయాలన్న ఓనరు వాదన సబబే. గదికి పెయింటరు చెప్పిన ధర 4,800. కానీ అప్పటికే ఆ రంగు వయసు 25 నెలలు. లోపలి గోడల రంగు ఎంత కాలం వస్తుందో ముందుగా ఇద్దరితో ఒప్పించాం: నాలుగేళ్లు, అంటే 48 నెలలు. మిగిలిన ఆయుష్షు 23 నెలలు. 4,800ను 48తో భాగించి 23తో గుణిస్తే 2,300. ఈ భాగహారం ఏ చట్టంలోనూ రాసి లేదు. పాతదాన్ని పాడుచేసినవాళ్లు కొత్తదాని ఖరీదు మొత్తం ఇవ్వనక్కర్లేదన్న సూత్రం మీద నిలబడే పద్ధతి ఇది. ఎదుటివారు కాదనడానికి అంకెల్లో తప్పు చూపాల్సి వస్తుంది కాబట్టి పనిచేస్తుంది. రంధ్రాలు పూడ్చి సరిచేయడానికి 600 ఒప్పుకున్నారు.

దిగిన రోజున రంగు కొత్తదేనా అన్న ప్రశ్న రాలేదు. మొదటి రోజునే గదిగదికీ ఫొటోలు తీసి ఓనరుకు ఈమెయిలు చేశారు ఆ దంపతులు. ఈ కేసు మొత్తంలో వాళ్లు చేసిన అన్నిటికంటే విలువైన పని అదే.

చెమ్మ గోడ

9,500 పద్దు సున్నా అయింది. ఎలాగన్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఓడిపోతారు.

గోడకు చెమ్మ మూడు దారుల్లో వస్తుంది. వాన పడ్డాక పెరిగి, ఎండ కాస్తే తగ్గుతుంటే బయటి గోడ పగుళ్లు. వానతో సంబంధం లేకుండా, పై అంతస్తు బాత్రూం వాడినప్పుడల్లా మచ్చ పెద్దదవుతుంటే పైవాళ్ల ట్రాపు (బాత్రూం నేలలో నీళ్లు పోయే చోటు) జాయింటు, లేదా గోడలోపలి పైపు. ఈ రెండూ అద్దెదారువి కావు. మూడోది, బీరువా వెనకా మూలల్లోనూ నల్లటి బూజు చుక్కలుగా వచ్చేది. గాలి ఆడక, గదిలోనే తడి బట్టలు ఆరేయడం వల్ల పట్టేది. దాని బాధ్యత కొంత అద్దెదారు మీద పడుతుంది. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది: పైవాళ్లను అడిగి రెండు రోజులు ఆ బాత్రూం వాడకుండా ఆపించండి, మచ్చ అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఆ తర్వాత రంగు కలిపిన నీళ్లు పై ట్రాపులో పోస్తే, కింద అదే రంగు తేలితే ఇక వాదన ఉండదు.

ఇక్కడ గీత దాటింది పై బాత్రూం వాడినప్పుడే. అంతకంటే ముఖ్యం, 2023 ఆగస్టులో మచ్చ కనిపించిన వారంలోనే ఫొటోలతో ఓనరుకు తెలిపారు. "చూస్తాను" అని జవాబు. అదే 108(ఎం) అద్దెదారు మీద ఇంకో బాధ్యత కూడా పెడుతుంది: ఓనరును సబబైన వేళల్లో వచ్చి ఇంటి స్థితి చూసుకోనివ్వాలి. లోపాన్ని తానే తెలపాలని ఆ సెక్షన్ అనదు, అయినా తెలపడమే మేలు. చెప్పకుండా ఊరుకుని ఉంటే, గోడ ఊడిపోయే దాకా దాచారన్న మాట పడేది. మీ తప్పు లేని లోపం కూడా మౌనం వల్ల మీ మెడకు చుట్టుకుంటుంది.

గీజరు, కుళాయి త్వరగా తేలిపోయాయి. గీజరు మీది లేబుల్ ప్రకారం అది అద్దెకు ఇచ్చేనాటికే పాతది. నీళ్లలోని సున్నం పేరుకుని ఎలిమెంటు కాలిపోయింది. అది వయసు. కుళాయి పిడి విరగడం వాడకంలో జరిగింది, 1,000 లోపు మరమ్మతులు అద్దెదారువే అని అగ్రిమెంటులో ఉంది. 850 ఒప్పుకున్నారు.

అద్దెలో కోసుకున్న 6,400

2023 అక్టోబరు 4న వంటగది గోడలోపలి పైపు పగిలింది. అదే రోజు సందేశం. 13న ప్లంబరు రాసిచ్చిన అంచనాతో రెండో సందేశం, "ఈ నెల 19 లోపు మీరు చేయించకపోతే మేం చేయించి అద్దెలో మినహాయించుకుంటాం" అని. 20న చేయించారు. బిల్లు, పగలగొట్టిన గోడ ఫొటో, పాత పైపు ముక్క ఫొటో పంపారు. నవంబరు అద్దె 12,500 వేసి, బదిలీ వివరంలో "పైపు మరమ్మతు 6,400 పోను" అని రాశారు. తర్వాత ఏడు నెలలు ఓనరు పూర్తి అద్దె తీసుకున్నారు, ఒక్కసారి కూడా బాకీ అడగలేదు.

సెక్షన్ 108(ఎఫ్) ఈ హక్కు ఇస్తుంది: ఓనరు చేయాల్సిన మరమ్మతును నోటీసు అందాక సబబైన సమయంలో చేయకపోతే, అద్దెదారు చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ అందులో "ఓనరు చేయాల్సిన" అన్న మాటను చాలామంది దాటేసి చదువుతారు. ఆస్తి బదిలీ చట్టం ఓనరు మీద మరమ్మతుల బాధ్యతను దానంతటదే మోపదు. అగ్రిమెంటులో ఉండాలి, లేదా స్థానిక చట్టంలో ఉండాలి. ఇక్కడ "పైపులు, వైరింగు, గోడల మరమ్మతులు యజమానివే" అన్న ఒక్క వాక్యం ఉంది కాబట్టి 6,400 నిలిచింది. ఆ వాక్యం లేని అగ్రిమెంటుతో అద్దె కోసుకుంటే అది బాకీగానే లెక్కకొస్తుంది. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు వెతకాల్సిన మొదటి వాక్యం ఇదే అని మా అభిప్రాయం.

మధ్యలో ఆగిన నీళ్లు

జూన్ చివరి వారంలో మాట పెరిగి ఓనరు ఫ్లాటుకు వచ్చే నీటి వాల్వు కట్టేయించారు. కరెంటు కూడా తీయిస్తానన్నారు. ఇది ఏ పరిస్థితిలోనూ కుదరదు. ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించనిస్తానన్న హామీ 108(సి) ప్రకారం ప్రతి అద్దెలోనూ ఉన్నట్టే. అద్దె బాకీ ఉన్నా సరే, ఖాళీ చేయించాలంటే కోర్టు ద్వారానే. స్థిరంగా ఉంటున్న మనిషిని చట్టప్రకారం తప్ప బలవంతంగా కదల్చకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో చెప్పింది. కరెంటు కనీస అవసరమని, ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని కాదనకూడదని 2022లో దిలీప్ కేసులో చెప్పింది. తాళం వేసి బయటికి నెట్టేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ప్రవేశం పొందవచ్చు; ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఇవన్నీ మూడు పేరాల ఉత్తరంగా వెళ్లాయి. మర్నాడు వాల్వు తెరిచారు.

ఇదే సమయంలో దంపతులు జూన్ అద్దె కట్టకుండా "అడ్వాన్సులో సర్దుకోండి" అందామనుకున్నారు. వద్దన్నాం. లిఖితంగా ఓనరు ఒప్పుకోనంత వరకు అది అద్దె ఎగవేత, దాన్ని పట్టుకుని మిగతా పద్దులన్నిట్లో మీ మాట తేలికైపోతుంది. కిటికీలకు తాము పెట్టించుకున్న దోమల జాలీలను మాత్రం తీసుకెళ్లారు. 108(హెచ్) ప్రకారం సొంత ఖర్చుతో బిగించినవి తీసుకోవచ్చు, కానీ ఇల్లు ఇంకా మీ చేతిలో ఉండగానే, ఇంటిని మునుపటిలా సరిచేసి. తాళాలు ఇచ్చేశాక ఆ హక్కు ఉండదు.

లెక్క తేలడం

ఒప్పుకున్న కోతలు: నోటీసు 3,150, పిల్లల గది 2,300, రంధ్రాలు 600, కుళాయి 850, ఆఖరి కరెంటు బిల్లు 1,140. మొత్తం 8,040. రావలసింది 45,960. ఈ లెక్కను ఫొటోలు, సందేశాలు, బిల్లులు జతచేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులోనూ ఈమెయిలులోనూ పంపారు. మనం ఒప్పుకున్న కోతలు ముందు రాయడం ముఖ్యం. చదివేవారికి మిగతాది నమ్మబుద్ధి అవుతుంది.

ఓనరు 30,000 ఇస్తానన్నారు. దంపతులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందు దశ అర్జీ పెట్టుకున్నారు. దీనికి కోర్టు ఫీజు ఉండదు, లాయరు తప్పనిసరి కాదు. రెండో సిట్టింగులో 44,500కు రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డుగా నమోదైంది. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కుదరకపోయి ఉంటే డబ్బు రాబట్టే దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. అప్పటి దాకా ఫొటోలు, సందేశాలు ఉన్న ఫోన్ మార్చకుండా, కనీసం పారేయకుండా దాచుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి, అందులో ఆ పరికరం వివరాలు రాయాలి.

ఈ కేసులో లోపించిన కాగితం ఒకటుంది. తాళాలు ఇచ్చిన రోజున ఇద్దరూ సంతకం చేసిన అప్పగింత పత్రం లేదు. తాళాల సంఖ్య, కరెంటు మీటరు రీడింగు, మెయింటెనెన్స్ బాకీ లేదన్న అసోసియేషన్ రసీదు, గదివారీ స్థితి, అడ్వాన్సు ఏ తేదీకి ఏ ఖాతాకు వస్తుందన్న మాట, ఈ అయిదూ ఒక పేజీలో పడతాయి. ఆ పత్రం మీద సంతకం పెట్టే వేళ ఓనరు అభ్యంతరాలు ఏమైనా ఉంటే అక్కడే రాయమనండి. జూన్ 30న ఆయన ఇల్లంతా తిరిగి చూసి ఏమీ అనకుండా తాళాలు తీసుకున్నారు. 22,000 రంగుల మాట వచ్చింది వారం తర్వాత.